యంత్రసందేశమునకు తెలుగు అన్వయము

శ్రీహరికోట యనగానే మన మనస్సున మెదలునది ఆకాశమున కెగయు రాకెట్టు. 1971వ సంవత్సరము అక్టోబరు 9వ తేదీన రోహిణి యను చిన్న రాకెట్టు ఆ దీవినుండి తొలిసారి పైకి లేచినది. 2023 జూలై 14వ తేదీన చంద్రయాన్-3 బయలుదేరినది. ఈ నడుమ ఎన్ని మాఱులు మన సూళ్లూరుపేట, తడ ప్రాంతములవారు మిద్దెలెక్కి, కన్నులకు చేయి అడ్డము పెట్టుకొని, ఆ నిప్పుగీతను చూచిరో లెక్క లేదు. పైకి పోవుదానిని అందఱును చూతురు. దానివలన క్రిందికి వచ్చు మాట యెట్లు వచ్చును, ఎవరి చేతిలో పడును, మన చెవికి తెలుగుగా ఎట్లు మాఱును అను విషయమును నేడు మీకు విన్నవింపదలచితిని.

శ్రీహరికోట సముద్రమునకును పులికాటు సరస్సునకును నడుమ సన్నగా సాగిన దీవి. 2022లో తిరుపతి జిల్లా యేర్పడినప్పుడు ఈ ప్రాంతము నెల్లూరునుండి విడివడి అందు చేరినది. జిల్లా మాఱినను గాలి మాఱలేదు. 1984 నవంబరులో తీవ్రమైన తుఫాను ఈ శ్రీహరికోట ప్రాంతముననే తీరము దాటినది. దానికి ఏడేండ్ల ముందు, 1977 నవంబరు 19న, దివిసీమలో వేలకొలది జనము ఉప్పెన పాలైరి. ఆ దినములలో సముద్రముపై సుడిగాలిని గుర్తించినవారు లేకపోలేదు. వారి మాట చివరి గుడిసెవఱకు పోవు త్రోవ మాత్రము చాలకుండెను. నేడు గుర్తించు కన్నులు మఱింత పెరిగినవి. 2002లో కల్పన-1, 2016లో ఇన్సాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరి 17న ఇన్సాట్-3డీఎస్ అను ఉపగ్రహములు వాతావరణమును కనిపెట్టుటకై ఈ దీవినుండియే పంపబడినవి. వీనిలో మొదటిదాని పని ముగిసినది. దీవిలో భారత్ ఎలక్ట్రానిక్స్ వారును, ఇస్రో వారును కలిసి నిర్మించిన డాప్లర్ రాడారును కలదు. కనుక చూపునకు కొఱత లేదు. చూచినదానిని చెప్పుటలోనే చిక్కంతయు నున్నది.

రేవులలో ప్రమాదసూచిక లెత్తు పద్ధతి మీలో పెద్దల కందఱకును తెలిసినదే. కృష్ణపట్నమున ఫలానా నంబరు ఎగురవేసిరని పత్రికలో చదువుదుము. ఆ సూచికలు ఒకటి మొదలు పదకొండువఱకు కలవు. ఒకటవ దానికి అర్థము, దూరసముద్రమున వాయుగుండ మేర్పడినదని. ఎనిమిది, తొమ్మిది, పది మహాప్రమాదమును తెలుపును. పదకొండవ దాని అర్థము వింతైనది: హెచ్చరించు కేంద్రముతో మాటపొత్తే తెగిపోయినది, గడ్డుగాలి రానున్నదని రేవు అధికారి తానే తలచుచున్నాడు, అని. ఒక్క అంకెలో ఎంత యర్థ మిమిడియున్నదో చూడుడు! కాని ఆ అంకె వినిన పులికాటు జాలరి, “మూడన్న నేమి? పడవ కట్టివేయవలెనా, వలదా?” యని యడుగును. విప్పి చెప్పువాడొకడు లేనిచో అంకె అంకెగానే మిగులును.

ఆ అంకెలకంటె విపులమైన పద్ధతి యొకటి ఇప్పుడు ప్రపంచమున వ్యాపించియున్నది. దానికి కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ అని పేరు. పొడియక్షరములలో క్యాప్ అందురు. ఉమ్మడి హెచ్చరికవిధి యని మనము చెప్పుకొనవచ్చును. 2000వ సంవత్సరమున అమెరికాదేశములో వెలువడిన యొక నివేదికలో ఇట్టిది కావలెనను సూచన కలిగినది. 2004లో ఓయాసిస్ అను ప్రమాణసంస్థ దాని నంగీకరించినది. 2007లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియను తన సిఫారసులలో చేర్చుకొన్నది. 1.2 అను పాఠము 2010 నాటిది. మన దేశమున జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కొఱకు సి-డాట్ వారు కట్టిన సచేత్ అను ఏర్పాటు ఈ విధినే యనుసరించినది. వాతావరణశాఖవారు తుఫానునుగూర్చి చెప్పినను, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ వారు సముద్రపు అలలనుగూర్చి చెప్పినను, కేంద్ర జలసంఘమువారు ఏటి వరదనుగూర్చి చెప్పినను, మాట ఒకే అచ్చులో పోయబడును.

ఆ అచ్చు ఎక్స్‌ఎమ్‌ఎల్ అను వ్రాతపద్ధతిలో నుండును. ఇది 1998 ఫిబ్రవరిలో ప్రమాణముగా వెలువడినది. పేరు వినిన భయము కలుగును గాని, విషయము మన కరణముల నాటి అడంగలుకంటె గహనము కాదు. అడంగలులో సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు, పంట అని గళ్లపైన శీర్షికలుండును. శీర్షిక లేక “నాలుగు” అని మాత్రము వ్రాసినచో అది నాలుగెకరములో, నాలుగవ నంబరో, నాలుగు చెట్లో ఎవరికి తెలియును? ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ప్రతి విషయమునకును ముందొక శీర్షికయు, వెనుక ఆ శీర్షిక ముగిసినదను గుఱుతును కట్టుదురు. పెద్ద శీర్షికలో చిన్న శీర్షికలు, వానిలో మఱింత చిన్నవి, ఒక యింటిలో గదులవలె నుండును. పంపినవా రెవరు, పంపిన వేళ యెప్పుడు, ఉపద్రవ మేది, ఎంత తీవ్రము, ఎంత తొందర, ఎంత నిశ్చయము, ఎప్పటినుండి ఎప్పటివఱకు, ఏయే యూళ్లకు, జనులు చేయవలసిన దేమి: ఇవన్నియు వేఱువేఱు గదులలో నుండును. యంత్రమునకు ఇది మిక్కిలి హాయి. ఏ గది తలుపు తట్టవలెనో దానికి తెలియును. మనుష్యునికి మాత్రము ఈ ప్రతి చేతికిచ్చినచో, శీర్షికల అడవిలో విషయము కనబడక దిక్కులు చూచును.

మేము చిన్ననాడు కావ్యపాఠము చదువుకొన్న పద్ధతి ఇక్కడ జ్ఞప్తికి వచ్చుచున్నది. గురువుగారు శ్లోకమును ముందుగా పదములుగా విడదీయుదురు. ఏ పదము ఏ విభక్తిలో నున్నదో, దేనికి విశేషణమో తేల్చుదురు. పిమ్మట కర్త ఎవడు, క్రియ యేది అని అడుగుచు పదములను వరుసలో కూర్చి అన్వయము చెప్పుదురు. అంతకు పిమ్మటనే తాత్పర్యము. ఎక్స్‌ఎమ్‌ఎల్ సందేశ మనగా పదవిభాగము చేసి, విభక్తి గుఱుతులు వేసి సిద్ధముగా నుంచిన శ్లోకము. దానికి అన్వయము చెప్పు సూత్రముల కట్ట వేఱుగా నుండును. దానిని స్టైల్‌షీటు అందురు. ఆ సూత్రములు వ్రాయు భాషకు ఎక్స్‌ఎస్‌ఎల్‌టి యని పేరు. జేమ్స్ క్లార్క్ అను నాతని సంపాదకత్వమున 1999 నవంబరు 16న ప్రకటింపబడినది. “ఈ శీర్షిక కనబడినచో, దానిలోని మాటను ఇట్టి వాక్యములో ఇచ్చట నుంచుము” అనునట్టి సూత్రములే అన్నియు. మూలము మాఱదు. వరుస మాఱును, వేషము మాఱును.

ఇక ఈ అన్వయము ఎక్కడ జరుగవలెనను ప్రశ్న వచ్చును. రెండు చోట్ల జరుగవచ్చును. కోరినవారికి పుటలను అందించు యంత్రమును సర్వరు అందురు. ఆ పుటలను తెచ్చి చూపు పనిముట్టు మన ఫోనులోని బ్రౌజరు. సందేశము తలపై “నా స్టైల్‌షీటు ఫలానా చోట నున్నది” అని యొక పంక్తి వ్రాసి పంపినచో, బ్రౌజరే మూలమును, సూత్రములను రెంటిని తెచ్చుకొని అన్వయము చేయుట యొక పద్ధతి. సర్వరే అన్వయము ముగించి, చదువుటకు సిద్ధమైన పుటను పంపుట రెండవ పద్ధతి. మొదటిది, శిష్యునికి తాళపత్రమును వ్యాఖ్యానమును చేతికిచ్చి “నీవే చదువుకొనుము” అనుట. రెండవది, గురువే చదివి చెప్పుట.

తుఫాను హెచ్చరిక విషయమున నేను రెండవ పద్ధతిపక్షమున నున్నాను. పులికాటు నడుమనున్న ఇరకము దీవిలో గాలివాన నాడు ఫోను సంకేతము సన్నగిల్లినచో, రెండు పత్రములు తెచ్చుకొనుటకంటె ఒకటి తెచ్చుకొనుట సులభము. పైగా ఊరిలో అందఱి ఫోనులును ఒక్క వయస్సువి కావు. మనుమని చేతిలో క్రొత్తదియు, తాత చేతిలో మనుమడు విడిచినదియు నుండును. వీనికి తోడు మఱియొక కారణము వచ్చినది. క్రోమ్ బ్రౌజరును నడుపువారు, అందలి ఈ అన్వయశక్తిని ముందుముందు తీసివేయదలచినట్లు 2025లో ప్రకటించిరి. ఆ పాత భాగమున భద్రతాదోషములు పుట్టుచున్నవనియు, దానిని వాడువారు మిక్కిలి తక్కువయనియు వారి వాదము. వాదము న్యాయమైనదే కావచ్చును. కాని ఆ తక్కువవారిలో హెచ్చరికలు చదువువారుండిన, వారికి ఒకనాడు తెలుగు పుట పోయి శీర్షికల అడవి మిగులును. బ్రౌజరును నమ్ముకొన్నవారు పనిని సర్వరునకు మార్చుకొనవలసిన కాలము వచ్చినది.

సర్వరున ఈ ఏర్పాటు చేయుట యెట్లో కొంత చెప్పెదను. మీరు స్వయముగా చేయకపోవచ్చును. అయినను మన గ్రంథాలయమునకో, పాఠశాలకో ఇట్టి పుట చేసి యిత్తుమని యువకులు వచ్చినప్పుడు ఏమి యడుగవలెనో తెలిసియుండుట మేలు. మోటారు బిగించువాని పని మనకు రాకున్నను, బావి లోతెంతో, గొట్ట మెంతో అడుగుట మాన మగదా!

లోకమున విరివిగా వాడబడు సర్వరులలో ఎంజిన్‌ఎక్స్ ఒకటి. ఇగోర్ సిసోయెవ్ అను రష్యాదేశీయుడు దానిని రచించి 2004లో లోకమున కిచ్చెను. ధర్మమా యని దాని మూలప్రతి అందఱకును ఉచితముగా దొరకును. అందు ఎక్స్‌ఎస్‌ఎల్‌టి భాగమొకటి కలదు గాని, మామూలుగా కట్టినప్పుడు అది చేరదు; కావలెనని కోరి చేర్చుకొనవలెను. చేర్చిన పిమ్మట, ఆ సర్వరు నడవడిని శాసించు పత్రములో, ఫలానా త్రోవన వచ్చు సందేశమునకు ఫలానా స్టైల్‌షీటు అని ఒక పంక్తి వ్రాయవలెను. పని యంతయు ఆ ఒక్క పంక్తితో ముగిసినట్లే కనబడును. ముగియదు.

మొదటి చిక్కు సందేశపు పైచీటీతో వచ్చును. ప్రతి సందేశమును తాను ఏ జాతిదో తెలుపు చీటీతో వచ్చును. టెక్స్ట్ బార్ ఎక్స్‌ఎమ్‌ఎల్ అను చీటీ గలవానినే ఆ భాగము తనంతట తాను ముట్టును. హెచ్చరికలు తఱచుగా అప్లికేషన్ బార్ ఎక్స్‌ఎమ్‌ఎల్ అనియో, మఱియొక పేరుననో వచ్చును. లోపల సరకు ఒక్కటే, చీటీ మాత్రము వేఱు. అట్టివానిని గూడ చేపట్టుమని ఇంకొక పంక్తిలో చెప్పనిచో, సర్వరు వానిని తాకకయే దాటించును. దోషమున్నదని ఒక్క మాటయు చెప్పదు. చాలమంది యువకులు గంటలకొలది స్టైల్‌షీటును దిద్దుచు గూర్చుందురు. తప్పు అందు లేనే లేదు.

రెండవ చిక్కు మూట. దూరపు సర్వరులు ప్రయాణభారము తగ్గించుటకు సందేశమును కుదించి మూటగట్టి పంపును. మూట విప్పక అన్వయమెట్లు చేయుదురు? కావున మూలమును తెచ్చుకొనునప్పుడే “మూటగట్టక పంపుము” అని అడుగునట్లు ఏర్పఱచవలెను.

మూడవది నాకు మిక్కిలి నచ్చిన చిక్కు, ఏలయన అది మన యూళ్లలోనిదే. ఊరిలో వెంకటేశ్వర్లు అనువారు పదిమంది యుందురు. ఇంటిపేరు చెప్పనిదే ఏ వెంకటేశ్వర్లో తెలియదు. ఎక్స్‌ఎమ్‌ఎల్ శీర్షికలకును ఇంటిపేర్లు కలవు. క్యాప్ సందేశములోని ప్రతి శీర్షికకును ఆ విధి పేరు, దాని పాఠసంఖ్యతో సహా, ఇంటిపేరుగా నుండును. సూత్రములు వ్రాయువాడు ఇంటిపేరు విడిచి “హెచ్చరిక అను శీర్షికకు” అని మాత్రము వ్రాసినచో, ఆ సూత్రము దేనికిని తగులదు. తగులనప్పుడు యంత్రము ఊరకుండదు. శీర్షికల నన్నిటిని రాల్చి, లోపలి మాటలను ఒకదానివెనుక నొకటి కుప్పపోయును. అట్టి పుట యొకటి నేను చూచితిని; ఎవరిదో చెప్పను. పంపినవాని గుఱుతు, తేదీ, తీవ్రత, ఊళ్లపేర్లు, అక్షాంశములు అన్నియు విరామము లేక ఒక్క తాడుగా పేనబడియుండెను. పదవిభాగము చేసి యిచ్చిన శ్లోకమును మరల కలిపి, విభక్తులు తుడిచివేసి యిచ్చినట్లున్నది.

ఇంకొక మాట. వచ్చిన మూలములో శీర్షిక యొకటి మూయబడకున్నను యంత్రము అన్వయమును మానుకొని, లోపల దోషము కలిగినదను 500వ నంబరు పుటను చూపును. సామాన్య పుటలకు అది సరియే. తుఫాను పుటకు సరికాదు. ఆ సమయమున వేఱొక సాదా పుట, కనీసము వాతావరణశాఖవారి చోటును సచేత్ చోటును చూపునది, తానుగా వచ్చునట్లు ముందే అమర్చియుంచవలెను. రేవులోని పదకొండవ నంబరు సూచికను తలచుకొనుడు. మాట తెగినదని చెప్పుటయు ఒక సమాచారమే.

స్టైల్‌షీటును సర్వరు మొదలగునప్పుడే ఒక్కసారి చదివి మనస్సున నుంచుకొనును. తరువాత దానిని దిద్దినచో, సర్వరునకు మరల చదువుమని చెప్పవలెను. లేనిచో దిద్దిన తప్పు దిద్దకయే యుండును.

ఇంతవఱకు చెప్పినది పనివాని విషయము. ఇక చెప్పబోవునది వ్యాఖ్యాత విషయము. నా దృష్టికి ఇదియే ముఖ్యము.

పండితులు అన్వయము చెప్పునప్పుడు మూలమున లేని పదము నొకదానిని చేర్చుకొనుట కలదు. దానిని అధ్యాహార మందురు. కాని చేర్చితిమని చెప్పి చేర్చుదురు. అంతకు మించి స్వకపోలకల్పన చేయరు. స్టైల్‌షీటు వ్రాయువాడును ఒక వ్యాఖ్యాతయే. అతడు ఒక్కసారి వ్రాసిన వాక్యము, ఆ పిమ్మట వచ్చు ప్రతి తుఫానుకును, వరదకును, పిడుగునకును అతడు లేకయే పలుకబడును. కావున ఒక్కొక్క క్రియాపదమును తూచి వేయవలెను.

నిశ్చయమును తెలుపు గది నొకదానిని తీసికొందము. అందు అబ్జర్వ్‌డ్ అని యుండిన ఉపద్రవము జరిగినది, లేక జరుగుచున్నది అని అర్థము. లైక్లీ యనిన సగపాలుకంటె హెచ్చుగా సంభవము. పాసిబుల్ అనిన సంభవము సగపాలునకు మించదు. అన్‌లైక్లీ, అన్‌నోన్ అనునవి వేఱుగా కలవు. తెలుగున దీనికి దివ్యమైన క్రియలున్నవి. మొదటిదానికి “గాలి వీచుచున్నది”, రెండవదానికి “వీచు సూచన బలముగా నున్నది”, మూడవదానికి “వీచినను వీచవచ్చును.” సూత్రము వ్రాయు యువకుడు తొందరలో మూడింటికిని “గాలి వీచును” అని యొక్కటే వాక్యము పెట్టెనా, రెండు మాఱులు గాలి రాకపోవుటయు, మూడవ మాఱు జాలరి నవ్వి పడవ విప్పుటయు జరుగును. తప్పు వాతావరణశాఖది కాదు, ఉపగ్రహమునది కాదు. “వచ్చును”, “రావచ్చును” అను రెండు మాటల నడుమ నున్న భేదమును పాటింపనివానిది.

స్థితి యను గది యొకటి కలదు. యాక్చువల్ అనిన నిజమైన హెచ్చరిక. ఎక్సర్‌సైజ్ అనిన అభ్యాసము. టెస్ట్ అనిన యంత్రపరీక్ష. అభ్యాససందేశములో తుఫాను, తీవ్రత, ఊళ్లపేర్లు అన్నియు నిజమైనవానివలెనే యుండును. ఈ ఒక్క గదియే భేదమును చెప్పును. స్టైల్‌షీటు ఆ గదిని విడిచినచో, అభ్యాసమునకై పంపిన మాట చదివి ముసలివారు, బాలింతలు చీకటిలో ఊరు విడుతురు. కావున స్థితి యాక్చువల్ కానిచో పుట తలపై పెద్దయక్షరములతో “ఇది అభ్యాసము మాత్రమే” అని యుండవలెను. లేదా ఆ పుటయే జనులకు రాకూడదు.

సందేశజాతి యను మఱియొక గదిలో అలర్ట్, అప్‌డేట్, క్యాన్సిల్ మొదలగునవి యుండును. రద్దు సందేశము పూర్వసందేశపు గుఱుతును మోసికొని వచ్చి, “దానిని నమ్మవలదు” అని చెప్పును. అందును ఉపద్రవము పేరు “తుఫాను” అనియే యుండవచ్చును. శీర్షికను మాత్రము చూచు స్టైల్‌షీటు రద్దును హెచ్చరికగా చాటును. దండోరా వేయువాడు “రేపటి సంత లేదు” అనుటకు మాఱుగా “రేపు సంత” అని కేకవేసినట్లగును.

ముగియు వేళ విషయమున ఒక విచిత్రము కలదు. హెచ్చరికలో అది ఎప్పటివఱకు చెల్లునో తెలుపు గది యుండవచ్చును. ఆ వేళ దాటినచో పుటపై “కాలము తీఱినది” అని కనబడవలెను గదా. కాని 1999 నాటి ఎక్స్‌ఎస్‌ఎల్‌టికి ఇప్పుడు వేళ యెంతో తెలియదు! సంవత్సరములు, గంటలు ఆ భాషలో లేవు. ఎంజిన్‌ఎక్స్ వాడుచున్నది ఆ మొదటి పాఠమునే. కనుక సర్వరు తన గడియారములోని వేళను చీటీగా వ్రాసి ప్రతిసారియు స్టైల్‌షీటు చేతికీయవలెను. అందుకు వేఱొక పంక్తి కలదు. ఆ పైని రెండు వేళలనుండియు అడ్డుగీతలు, చుక్కలు తొలగించి శుద్ధమైన అంకెలుగా చేసి పోల్చవలెను. రెండు వేళలును మన దేశకాలముననే, అనగా గ్రీన్విచ్‌కు అయిదున్నర గంటలు ముందుగా, ఉన్నవో లేవో చూచుకొనవలెను. పోల్చుటలో ఈ అయిదున్నర గంటలు తప్పినచో, తెల్లవాఱుజామున తీఱు హెచ్చరిక అర్ధరాత్రికి ముందే తీఱినట్లు కనబడును. తీరమునకు గాలి చేరువేళ అదియే కావచ్చును.

దీనికి తోడైనది దాచిపెట్టుట. బ్రౌజరులు చూచిన పుటను మరల అడుగకుండ దాచుకొనును. మూలమునకు చివరిసారి మార్పు జరిగిన వేళను సర్వరు మామూలుగా తెలుపును. అన్వయము చేసినప్పుడు మాత్రము, పుట స్వరూపము మాఱినది గనుక, ఆ వేళను తీసివేయును. అది మంచి నియమము. కొందఱు వేగమునకై దానిని మరల పెట్టుదురు. వేగము వివాహపత్రికలకు, ధరలపట్టికలకు కావలెను. ఈ పుటను మాత్రము కోరిన ప్రతిసారియు క్రొత్తగా తెమ్మనియే చెప్పవలెను.

చివరగా భాష. క్యాప్ సందేశమున ఒకే విషయమును ఇంగ్లీషున నొక ఖండముగా, తెలుగున నొక ఖండముగా పంపవచ్చును. ప్రతి ఖండమునకును భాష గుఱుతు కలదు. తెలుగు ఖండమున్నచో దానినే చూపుమని సూత్రము వ్రాయుట సులువు. లేనప్పుడు? తెలుగు లేదు గనుక ఏమియు చూపక తెల్లని పుట పంపు స్టైల్‌షీటులు గలవు. భాషాభిమానము మంచిదే గాని, ఇది అభిమానము కాదు. తెలుగు లేనిచో ఇంగ్లీషే చూపవలెను. కాని తీవ్రత, వేళ, స్థితి అను గదులు ఏ భాషలోనైనను ఒకే నియతపదములతో నుండును గనుక, వానికి మాత్రము మనము ముందే తెలుగు సిద్ధము చేసియుంచవచ్చును. అప్పుడు “తీవ్రము, నేటి రాత్రి పది గంటలనుండి, అభ్యాసము కాదు” అను ఈ మూడు మాటలైనను తెలుగున పడును. మిగిలినది చదువుకొన్న పిల్లవాడు చదివి చెప్పును. జనులు చేయవలసిన పనిని చెప్పు గదిని మాత్రము మనము పూరింపరాదు. అధికారులు అందు వ్రాసినదే చూపవలెను. తీవ్రము అని కనబడినంతనే “ఊరు విడువుడు” అని తనంతట పలుకు సూత్రము, అధ్యాహారమును దాటి కల్పన యగును. రంగులును అంతే: పసుపు, నారింజ, ఎఱుపు రంగులు శాఖవారు వాడుచున్నారు, వేయవచ్చును, కాని రంగుప్రక్క మాటయు నుండవలెను. మన వయస్సున పసుపునకు, నారింజకు భేదము సాయంకాలము తెలియదు.

మనకు గాలివాన కాలము అక్టోబరునుండి డిసెంబరువఱకు. సెప్టెంబరు నెలలోనే ఆ యువకులను గ్రంథాలయమున కూర్చుండబెట్టి ఆఱు సందేశములను వారిచేతనే తయారుచేయించి పుటను చూడుడు: ఒకటి నిజమైన హెచ్చరిక రూపమున, ఒకటి అభ్యాసముగా, ఒకటి రద్దుగా, ఒకటి వేళ తీఱినదిగా, ఒకటి తెలుగు ఖండము లేక, ఒకటి మధ్యలో తెగిపోయి శీర్షిక మూయబడక. ఇవి బయటి త్రోవలోనికి పోకుండ ఆ గదిలోని యంత్రముననే యుండవలెను. ఒక్కొక్క పుటను ఊరిలో కంప్యూటరు మొగమెఱుగని పెద్ద యొకరికి చూపి, “ఇది చదివి మీరేమి చేయుదురు?” అని యడుగుడు. రద్దు పుటను చూచి ఆయన పెట్టె సర్దుకొన లేచినచో, స్టైల్‌షీటును మరల దిద్దవలసినదే. దిద్దిన పిమ్మట సర్వరునకు దానిని మరల చదువుమని చెప్పుట మఱవవలదు.